దంచినమ్మకు బొక్కిందే దక్కుడు

చరిత్ర మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రాజుల గురించి అడిగినవి రెండు మాత్రమే. వాటిని వచ్చే నెలకు వాయిదా వేశాను. రాజులు ఆగగలరు. మిగిలినవన్నీ ఆడవాళ్ల పనిపాటల మీదే కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. ఉత్తరాలను కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: అమ్మా, మా నాయనమ్మది ఎప్పుడూ ఒకటే మాట: "మా రోజుల్లో రోకలి పట్టి వడ్లు దంచేవాళ్లం, అందుకే ఉక్కుల్లా ఉండేవాళ్లం. మిషన్లు వచ్చాక ఆడవాళ్లకు ఒళ్లు వంగడం లేదు." మా ఆవిడ ఈ మాట వింటే మండిపడుతుంది. ఎవరిది నిజం? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: తీర్పు చెప్పి మీ నాయనమ్మగారితో తగవు తెచ్చుకోను గాని, లెక్క చెబుతాను. ఆరుగురున్న ఇంట్లో, అన్నమే తిండి అయిన రోజుల్లో, రోజుకు మూడు కిలోల బియ్యం కావాలి. వడ్లలో దాదాపు మూడో వంతు ఊకగానూ తవుడుగానూ పోతుంది. అంటే రోజూ నాలుగున్నర కిలోల వడ్లు దంచాలి. పండగలు, చుట్టాలు, పురుళ్లు ఈ లెక్కలో లేవు.

ముందు వడ్లు ఎండబెట్టాలి. ఎండ చాలకపోతే గింజ నలుగుతుంది, ఎక్కువైతే విరుగుతుంది. రెండు విధాలా నూకలే, మాటలు పడేది దంచినామే. రోటి మీద కుందెన పెట్టి అందులో వడ్లు పోస్తారు, గింజ బయటికి చిందకుండా. రోకలి కొసకు ఇనుప పొన్ను ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు పోటు వేస్తారు. వరస తప్పితే రోకలీ రోకలీ గుద్దుకుంటాయి. దంపుడు పాటలు అన్ని పుట్టడానికి కారణం ఆ వరస కాచుకోవడమే తప్ప, ఆ పని చేస్తుంటే పాటలొచ్చేంత హాయిగా ఉంటుందని కాదు. పొట్టు వదిలాక చాటలో పోసి చెరగాలి. మళ్లీ రోట్లో పోయాలి, మళ్లీ చెరగాలి. నూకలు ఒక పక్కకు, తవుడు ఒక పక్కకు. మా పెద్దమ్మ కుడి అరచేతిలో బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉండేది. మిల్లు బియ్యం తినడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటినా అది కరగలేదు.

సొంత ఇంట్లో దంచితే కూలి ప్రసక్తే లేదు. పరాయి ఇంట్లో దంచితే కాసిని గింజలో, నూకలో, తవుడో కొలిచి పోసేవారు. ఈ శీర్షికకు పెట్టిన సామెత ఆ వాకిళ్లలో పుట్టిందే. దంచుతూ దంచుతూ నోట్లో వేసుకున్న పిడికెడు గింజలే ఆమెకు ఖాయం.

ఇక ఆరోగ్యం మాట. ఇక్కడ మీ నాయనమ్మగారి పక్షాన గట్టి సాక్ష్యమే ఉంది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మన డెల్టా జిల్లాల్లో రైస్ మిల్లులు పెరిగాయి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తినడం గొప్ప అయింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో బెరిబెరి రోగం, అంటే బి1 విటమిన్ అందక నరాలు, గుండె దెబ్బతినే జబ్బు, ప్రధానంగా ఉత్తర సర్కారు జిల్లాల్లోనే, అంటే మన కోస్తాలోనే కనిపించేది. దక్షిణాన అరవ జిల్లాల వాళ్లు ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి మిల్లు ఆడించినా వాళ్లకు అంత నష్టం జరగలేదు. మనవాళ్లు పచ్చి బియ్యం తిన్నారు, తవుడు గేదెలకు పెట్టారు. నీలగిరుల్లోని కూనూరు పోషకాహార ప్రయోగశాలలో మెక్‌కారిసన్ అనే వైద్యుడు 1920లలోనే బియ్యానికీ ఈ రోగానికీ ఉన్న సంబంధం మీద పనిచేశారు. తర్వాత అదే ప్రయోగశాలకు వచ్చిన ఐక్రాయిడ్ అనే మరో శాస్త్రవేత్త పసిపిల్లల చావుల వైపు చూశారు. తల్లి పాలలో ఆ విటమిన్ లేక, పైకి బాగానే కనిపించే రెండు మూడు నెలల బిడ్డ ఉన్నట్టుండి పోయేవాడు. "పాలు పడలేదు", "దిష్టి తగిలింది" అని ఆ తల్లులు ఎన్ని మాటలు పడ్డారో ఏ కాగితంలోనూ ఉండదు. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అది మీ ఊళ్లోనే, తార్నాకలో ఉంది.

అదే 1958లో మరొకటి జరిగింది. రైస్ మిల్లుల నియంత్రణ చట్టం వచ్చింది. కొత్త మిల్లుకు అనుమతి ఇచ్చేముందు అది ఆ ప్రాంతంలో ఎందరి కూడు తీస్తుందో కూడా చూడాలన్నది అందులో ఒక నియమం. దంపుడు కూలి మీద బతికే ఆడవాళ్లను, వితంతువులను దృష్టిలో పెట్టుకున్న నియమం అది. కాగితం మీద 1997 దాకా ఉంది. మిల్లులు మాత్రం దాని కోసం ఆగలేదు. రోకలి పోయినందుకు ఇంటి కోడలు ఊపిరి పీల్చుకుంటే, కూలికి దంచే ఆమె పొలం పనికి పోటీ పడాల్సి వచ్చింది. కాబట్టి "మిషన్లు వచ్చాక ఆడవాళ్లు" అనేముందు ఏ ఆడవాళ్లో చెప్పమని నాయనమ్మగారిని అడగండి. ఆవిడ ఇంట్లో స్వయంగా ఎవరు దంచేవారో కూడా అడగండి.

ప్రశ్న: మేడమ్, "సంఘ సంస్కరణలో మహిళల పాత్ర" మీద వ్యాస పోటీకి రాస్తున్నాను. కందుకూరి వీరేశలింగం గారి గురించి అందరికీ తెలిసినవే కాకుండా ఒక విషయం చెప్పండి. (డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: 1881 డిసెంబర్ 11న వీరేశలింగం గారు మీ ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఇది అన్ని పుస్తకాల్లో ఉంటుంది. వెలి భయంతో వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. పెళ్లంటే వచ్చినవాళ్లకు అన్నం పెట్టాలి కదా. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి స్వయంగా నీళ్లు తెచ్చి వంట చేశారు. ఆమె ఆ బిందె ఎత్తకపోతే ఆ పెళ్లికి విస్తరి పడేది కాదు. ఇప్పుడు ఘాట్ దగ్గరికి వెళ్లి, నిండు బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కి ఇన్నీసుపేట దాకా నడిచి చూడండి. మీ వ్యాసంలో మొదటి పేరా దానంతట అదే వస్తుంది. "పాత్ర" అనే మాటను కాస్త తగ్గించి వాడండి.

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మమ్మ జీవితమంతా లేసు అల్లింది. మా తాతగారు రాసుకున్న నోటుబుక్కులో ఆవిడ గురించి ఒకే వాక్యం ఉంది: "ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లుకునేది." ఆమె నిజంగా ఎంత సంపాదించిందో తెలుసుకునే దారి ఉందా? (ఉపాధ్యాయురాలు, భీమవరం)

జవాబు: ఉంది. అయితే తాతగారి నోటుబుక్కులో దొరకదు.

మీ ప్రాంతానికి లేసు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. 1844ను మొదలుగా చెబుతారు. మతం మారిన పేదింటి ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వచ్చే పని కావాలని దొరసానులు ఈ అల్లిక నేర్పారు. అల్లినవాటిని తమ దేశాల్లో పరిచయస్తుల ద్వారా అమ్మించారు. క్రమంగా అది వ్యాపారమైంది. వ్యాపారం కాగానే గడప దాటని కాపు ఇళ్లలోకి కూడా వెళ్లింది. పొలం పనికి పంపితే పరువు పోతుందనుకునే ఇళ్లకు ఇది బాగా నప్పింది. ఆడమనిషి ఇంట్లోనే ఉంటుంది, ఇల్లూ నడుస్తుంది, ఆమె పని చేస్తోందని బయటికి చెప్పుకోనూ అక్కర్లేదు.

మా అత్తగారిది పాలకొల్లు పక్క పల్లె. ఆవిడ అల్లుతుంటే దగ్గర కూర్చుని చూసేదాన్ని. ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని, కుడిచేతిలో కొస వంగిన సన్నని సూది పట్టుకునేవారు. ఒక ఉచ్చులోంచి దారం లాగితే ఇంకో ఉచ్చు, కొన్ని ఉచ్చులు కలిస్తే ఒక వలయం, దాని చుట్టూ రేకులు. అరచేతిలో ఇమిడే ఒక పువ్వు తయారయ్యేసరికి పొయ్యి మీద ఎసరు మరిగేది, సూదిని కొప్పులో గుచ్చుకుని లేచేవారు. తెల్లదారానికి చెమట మరక అంటితే ఏజెంటు కూలి కోస్తాడు. అందుకని ఎండాకాలం వేళ్లకు పౌడరు అద్దుకునేవారు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపి అతికేది వేరొకరు. చేతిపని, అతుకుపని అని విడివిడిగా చెప్పేవారు. వందల పువ్వులు అతికితే ఒక బల్లగుడ్డ అవుతుంది. అది ఏ దేశంలో ఏ బల్ల మీద పరుస్తారో అల్లినవాళ్లకు తెలియదు. పూర్తయిన గుడ్డను చాలామంది కంటితో చూసి కూడా ఉండరు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మీ ప్రాంతానికే వచ్చి ఈ ఇళ్ల లెక్కలు తీశారు. 1982లో ఆ అధ్యయనం పుస్తకంగా వచ్చింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే ఆడవాళ్లు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని ఆమె చూశారు. వాళ్లకు వచ్చే కూలి పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ల కూలి కంటే తక్కువ. అయినా తాము కూలివాళ్లం కాదనీ, ఇంటిపట్టున ఉండే మర్యాదస్తులమనీ వాళ్లు అనుకున్నారు. ఆ మర్యాదకు ధర కట్టి, దాన్ని కూలిలోంచి మినహాయించుకున్నది ఏజెంటు, ఎగుమతిదారు. "ఖాళీగా కూర్చోలేక" అని మీ తాతగారు రాసిన వాక్యం వల్ల వాళ్లకు ఎంత ఆదా అయిందో చూడండి. ఖాళీ సమయానికి ఎవరు మాత్రం కూలి పెంచుతారు?

మీరు చేయవలసింది ఇది. అమ్మమ్మ ఈడు వాళ్లు మీ వీధిలో ఇంకా ఉంటే వెళ్లి కూర్చోండి. దారం ఎవరు తెచ్చేవారు, ఎన్నాళ్లకు ఒకసారి లెక్క చూసేవారు, డబ్బు ఎవరి చేతిలో పడేది అని అడగండి. అన్నిటికంటే ముందు, ఆ డబ్బుతో ఏం కొన్నారో అడగండి. కూలి ఎంతో మరిచిపోతారు గాని కొన్న వస్తువును మరువరు. ఇత్తడి గంగాళమో, చెవుల దిద్దులో, బడి జీతమో బయటికి వస్తుంది. ఆ ఏడు ఆ వస్తువు ధర తెలుసుకుంటే కూలి లెక్కకు ఒక కొస దొరుకుతుంది. మా ఆయన ఎస్సెల్సీ పరీక్ష ఫీజు కట్టింది వాళ్లమ్మ లేసు డబ్బుతోనే. ఆయనకు నలభై ఏళ్లు దాటేదాకా ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాన్నగారే కట్టారనుకున్నారు. తెలిసిన రోజున ఆయన అన్నం తినలేదు, అత్తగారేమో "ఇప్పుడెందుకురా ఆ గోల" అన్నారు.

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికినందుకు సంతోషమే. అల్లే మనిషి పేరు ఎక్కడైనా నమోదైందేమో మీలాంటివాళ్లు చూడాలి. పాత నమూనా పువ్వులు ఇంట్లో ఉంటే పారేయకండి. ఎవరు అల్లారో ఒక చీటీ మీద రాసి జతచేయండి.

ప్రశ్న: మా అమ్మ బీడీలు చేసి నన్ను ఇంజనీరింగ్ చదివించింది. స్కాలర్‌షిప్ ఫారంలో తల్లి వృత్తి దగ్గర "గృహిణి" అని రాశాను. నాకు అప్పటి నుంచి మనసు బాగోలేదు. అలా రాయవచ్చా? (విద్యార్థిని, కామారెడ్డి)

జవాబు: దిద్దుకునే వీలుంటే వెంటనే దిద్దండి తల్లీ. మనసు సంగతి అలా ఉంచండి, చట్టప్రకారమే మీ అమ్మ కార్మికురాలు. తునికాకును తడిగుడ్డలో చుట్టి ఉంచడం, రేకు అచ్చు పెట్టి కత్తిరించడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం, కొస మడవడం, ఇవన్నీ ఒళ్లో చాట పెట్టుకుని మీ ఇంట్లోనే చేసినా సరే. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా లెక్కించింది. కంపెనీలు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లకు భవిష్యనిధి వర్తిస్తుందని 1985లో చెప్పింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్పులు అప్పట్లో ఆ నిధి నుంచే వచ్చేవి. మీరు నింపిన ఫారం బీడీ కార్మికుల పిల్లలదే అయితే "గృహిణి" అని రాసి మీ కాళ్లు మీరే నరుక్కున్నట్టు!

ఇవేవీ ఊరికే రాలేదు. సంఘాలు పెట్టి, కార్ఖానాల ముందు కూర్చుని తెచ్చుకున్నవి. ఇంట్లో కూర్చునే పని చేసినా లేసు అల్లేవాళ్లకు ఇటువంటి ప్రత్యేక చట్టం లేదు, పైన రాసిన ఉపాధ్యాయురాలు ఇది కూడా గమనించాలి. ఇన్ని ఉన్నా నాసిరకం ఆకు అంటగట్టి, తగ్గిన ఆకు బజారులో కొని పూడ్చమనడం, చేసిన బీడీల్లో బాగోలేవని పక్కన పడేసి కూలి కొట్టేయడం మీ అమ్మగారికి కొత్త కాదు. అడిగి చూడండి, నాకంటే బాగా చెబుతారు.

ప్రశ్న: పొందూరు ఖద్దరు పంచె ధర చూసి కళ్లు తిరిగాయి. అంత ఎందుకు? (విశ్రాంత ఉద్యోగి, విజయనగరం)

జవాబు: వాలుగ చేప దవడ ఎముక చూశారా? సన్నని పళ్లు దువ్వెనలా వరుసగా ఉంటాయి. పొందూరులో ఆడవాళ్లు గింజ ఇంకా వదలని పత్తిని ఆ ఎముకతో కొద్దికొద్దిగా దువ్వుతారు. చెత్త రాలిపోతుంది, పోగులు ఒకే దిక్కుకు తిరుగుతాయి. తర్వాత చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీతో దొర్లించి గింజ తీస్తారు. చిన్న విల్లుతో ఏకుతారు, ఏకులు చుట్టి ఎండిన అరటి డొప్పలో దాచుకుంటారు. దుమ్ము, తేమ తగలకుండా అదే పెట్టె. అప్పుడు రాట్నం. ఇన్ని చేసేది దాదాపుగా ఆడవాళ్లే. మగ్గం దగ్గరికి వచ్చేసరికి మీకు నేతగాడి ఫొటో కనిపిస్తుంది.

నూరో నంబరు నూలు అంటే ఒక పౌను పత్తి నుంచి 84,000 గజాలు తీయడం. దాదాపు 77 కిలోమీటర్లు. మీ విజయనగరం నుంచి బయలుదేరితే శ్రీకాకుళం దాటి పోతుంది. అంత పోగును ఒక మనిషి వేళ్ల మధ్య నుంచి తెగకుండా లాగింది. బేరం ఆడదలిస్తే ఈ లెక్క గుర్తుపెట్టుకుని ఆడండి. అన్నట్టు, ఆ ధరలో వడికినామెకు ఎంత చేరుతుందో దుకాణంలో అడగండి. చెప్పగలిగితే కొనండి, చెప్పలేకపోయినా కొనండి, కానీ అడగండి.

ప్రశ్న: శాతవాహనులు, ఇక్ష్వాకుల కాలంలో స్త్రీలకు సొంత ధనం ఉండేదని మా పిల్లలకు చెప్పవచ్చా? (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, మాచర్ల)

జవాబు: కొందరికి ఉండేదని చెప్పండి. సాక్ష్యం మీ ఇంటి పక్కనే ఉంది. నాగార్జునకొండ మహాచైత్యానికి దాత ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి చాంతిసిరి. రాజు వైదిక యజ్ఞాలు చేశాడు, ఆమె బౌద్ధ స్తూపానికి ఇచ్చింది. బోధిసిరి అనే ఉపాసిక (సన్యసించకుండా బౌద్ధం పాటించే స్త్రీ) రాజవంశీకురాలు కాదు, అయినా చైత్యగృహం కట్టించి, ఎక్కడెక్కడ ఏమేం ఇచ్చిందో పెద్ద జాబితా చెక్కించింది. అమరావతిలో భిక్షుణుల పేర్లు, గృహపతుల భార్యల పేర్లు చాలా ఉన్నాయి. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, కూతుళ్లతో కలిసి ఒక పూర్ణకుంభ ఫలకం ఇచ్చాడు. ఆ ఇంటి ఆడవాళ్లు కూడా తోళ్లు ఊనే పని చేసి ఉంటారనే నా అనుమానం, శాసనం మాత్రం చెప్పదు. రాతి మీద దానం ఎక్కుతుంది, పని ఎక్కదు. విహారంలో అంతమంది భిక్షువులకు బియ్యం దంచింది ఎవరని మీ పిల్లల్లో ఒకరైనా అడిగితే ఆ పిల్లకు నా తరఫున మంచి పెన్ను కొనివ్వండి. డబ్బు పంపుతాను.

ప్రశ్న: నా భార్య ఉద్యోగం చేయదు. ఇంట్లో గ్యాసు, మిక్సీ, వాషింగ్ మిషన్ అన్నీ ఉన్నాయి. అయినా "తీరిక లేదు" అంటుంది. చరిత్రలో ఏ కాలపు స్త్రీకీ ఇంత సుఖం లేదు కదా? (పేరు వద్దన్నారు, విజయవాడ)

జవాబు: పేరు వద్దనడం మంచి పని చేశారు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా జనం రోజు ఎలా గడుస్తుందో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనిలో చెయ్యి పెట్టిన ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. పెట్టినవాళ్లలో ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు పట్టింది, మగవాళ్లకు 97. ఇది రోకళ్లు, తిరగళ్లు పోయిన తర్వాతి లెక్క. పిల్లల, ముసలివాళ్ల ఆలనాపాలనా దీనిలో కలపలేదు, అది వేరే పద్దు.

మీ ఇంటి లెక్క నాకు తెలియదు కాబట్టి మీరే తీసి పంపండి. వారం రోజులు పొద్దున లేచిన దగ్గర నుంచి ఎవరు ఏ పని ఎన్ని నిమిషాలు చేశారో రాయండి. మిషన్లో బట్టలు వేసింది, తీసింది, ఆరేసింది, మడత పెట్టింది విడివిడిగా రాయాలి. గ్యాసు బుక్ చేయడం, పాలవాడి లెక్క, పిల్లవాడి బడి నుంచి వచ్చిన ఫోను కూడా పనే. రాసే పని ఆవిడకు అప్పగించకండి. కాగితం అందగానే ఇదే శీర్షికలో వేస్తాను.